పడవ మీది పీచుగాడు

మొన్న సోంపేట బజారులో ఆటో ఎక్కబోతూ, ఒక దుకాణం ముందు వేలాడుతున్న బడిసంచి మీద పీచుగాణ్ణి చూసి ఆగిపోయాను. కండలు తిరిగిన చేతులు, నున్నగా దువ్విన జుట్టు, పక్కన వీరుడి జాడే లేదు. కింద పేరు ఉండబట్టి పోల్చుకున్నాను గానీ, లేకపోతే ఎవడో అనుకునేవాణ్ణి.

మా ఈడువాళ్లలో కొందరికైనా గుర్తుండాలి, పలాస స్టేషన్లో పుస్తకాల కొట్టుకి నెలనెలా వచ్చే బొమ్మల కథల పుస్తకంలో వీరుడి వెంట తిరిగే బంటు ఈ పీచుగాడు. కత్తి దూసిన వీరుడు అట్టంతా ఆక్రమించుకుంటే, మొదట్లో వీడికి దక్కింది అతని మోకాలి వెనక సగం ముఖమూ, చేతిలో ఒక లాంతరూను. తొంభైల చివర బొమ్మలు వేసే చెయ్యి మారిందేమో, వీడు నెమ్మదిగా ముందుకు జరిగాడు. బొజ్జ పెరిగింది, పసుపుపచ్చ బనీను వచ్చింది, జుట్టు కొబ్బరిపీచులా పైకి లేచింది. అప్పట్లో నాకు సోంపేటలో బోర్డులు రాసే చిన్న కొట్టుండేది. ఆ అట్టలన్నీ గోడకి అంటించుకుని, రంగులు కలపడం వాటిని చూసే నేర్చుకున్నాను. నిజం చెప్పాలంటే లోపలి కథలు చదివింది తక్కువే.

బారువలో మా చిన్నాన్నకి చేపల పడవ ఉండేది. ఏటా వేట ఆపే రోజుల్లో పడవని ఇసక మీదికి లాగి కొత్త రంగు వేయించడం అక్కడి అలవాటు, ముందుభాగాన రెండు వైపులా ఏదో ఒక బొమ్మ ఉండాల్సిందే. చిన్నాన్న నా కొట్టు గోడ చూసి పీచుగాణ్ణి అడిగాడు. వీరుణ్ణి వేస్తానంటే ఒప్పుకోలేదు.

"ఈరుడు కొట్లాటకెల్తాడు, బాగుంది. ఆడ్ని మల్లీ ఇంటికి తెచ్చీవోడెవుడు? లాంతరట్టుకున్న ఈడే గదేటి," అన్నాడు.

ఆ పసుపు బొజ్జ మా పిన్నికి ఎంత ఆసరా అయిందో! పడవలు తిరిగొచ్చే వేళకి ఆమె ఒడ్డున నిలబడేది. అవన్నీ ఉత్తరం నుంచి తీరం వెంబడి వస్తుంటే, ఎంతో దూరాన పసుపు చుక్క కనబడగానే కొంగు దులుపుకుని స్థిమితంగా ఇంటికి వెళ్లిపోయేది.

కొన్నేళ్లకి అట్టల మీదికి కంప్యూటరు రంగులు దిగాయి. పీచుగాడి బొజ్జ కరిగింది, బనీను పోయి ముదురు నీలం కోటు వచ్చింది, లాంతరు పోయి టార్చిలైటు వచ్చింది. చిన్నాన్నతో పాటు వేటకెళ్లే వాళ్లబ్బాయి, నాకు తమ్ముడు, ఆ కొత్తవాడే కావాలని పట్టుబట్టాడు. పిన్ని ససేమిరా అంది.

"ఆడెవుడో నానెరగను. దూరాన్నించి నా పడవేదో నాకు తెలవాలా వొద్దా?"

ఇద్దరినీ నొప్పించలేక, ఎప్పుడూ ఒడ్డుకి కనబడే కుడివైపు పాతవాణ్ణీ, ఎడమవైపు కొత్తవాణ్ణీ వేశాను. బాగుందని అందరూ నవ్వుకున్నారు.

ఆ ఏడే ఒకనాడు ఈదురుగాలి లేచింది. పడవలన్నీ వచ్చేశాయి, మాది తప్ప. నేనూ ఒడ్డునే ఉన్నాను. గాలి దక్షిణానికి తోసేయడంతో మావాళ్లు ఎన్నడూ లేనిది అటువైపు నుంచి వస్తున్నారు; మాకు కనబడేది ఎడమవైపు, ఆ నీలం కోటు కాస్తా నీళ్ల రంగులో కలిసిపోయింది. అది మనదేనని నేనెంత చెప్పినా వినకుండా పిన్ని ఉత్తరంకేసే చూస్తూ గుండెలు బాదుకుంది. పడవ ఇసకెక్కి, తమ్ముడు దిగొచ్చి చెయ్యి పట్టుకునేదాకా ఆమె ఏడుపు ఆగలేదు. మర్నాడు వాడే పసుపు రంగు డబ్బాతో నా కొట్టు ముందు నిలబడ్డాడు.

"అన్నా, అటేపు కూడా పాతోడినే ఎయ్యి," అన్నాడు తల దించుకుని.

ఇప్పుడు చిన్నాన్న లేడు, ఆ చెక్క పడవా లేదు. ఫైబరు పడవలన్నీ ఒకే తీరు, వాటి మీద నంబర్లు. అక్షరం రాని పిన్నికి అవి తెలిసే వీల్లేదు. తీరం కనబడగానే తమ్ముడు ఫోను చేసి "వత్తన్నానమ్మా" అంటాడు. ఎంతో మేలే, ఆ రోజున ఫోనుంటే ఆమెకి అంత క్షోభ తప్పేది. అయినా ఆ మాట విన్నాక కూడా పిన్ని ఒడ్డుకి వస్తుంది. ఏది తమదో తేల్చుకోలేక ఒక్కో పడవకేసీ చూస్తూ, నీళ్లలోకి దిగి నడిచొచ్చే మనుషుల్లో కొడుకు నడక పోల్చుకునేదాకా అలాగే నిలబడి ఉంటుంది.