పొడుగు చేతుల యూనిఫాం

జగిత్యాల కోటను చూశారా? శత్రువు ఏ వైపు నుంచి వచ్చినా కనబడాలని నక్షత్రంలా మూలలు మూలలుగా కట్టారు. చాలా కోటలు తిరిగాను. ఎక్కడైనా కాపలా బయటికే చూస్తుంది. మన బడులు మాత్రం కాపలాను లోపలికి తిప్పి పిల్లలనే అనుమానిస్తాయి. కోట సంగతి ఎందుకంటే, విజయ గొడవపడింది ఆ కాపలాతోనే.

విజయ కోరుట్ల దగ్గర ఒక ఆడపిల్లల హాస్టల్ బడిలో సైన్సు చెబుతుంది. పుట్టింది సిరిసిల్లలో. తండ్రి లక్ష్మీరాజం సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపేవాడు. ఆ చప్పుడులో మాట వినబడాలంటే అరవాల్సిందే. ఆ ఇంట్లో "అన్నం తిన్నవా" అన్నా పోట్లాటలాగే ఉండేది. ఆమెకూ అదే గొంతు వచ్చింది. జీర్ణవ్యవస్థ గురించి చెబితే పక్క గదిలోని లెక్కల క్లాసుకూ ఆ పాఠం అయిపోతుంది.

మొన్న వానాకాలంలో జగిత్యాలలో టీచర్లకు శిక్షణ పెట్టారు. తమను తాము గాయపరచుకునే పిల్లలతో బడి ఎలా మెలగాలన్నది విషయం. డాక్టరమ్మ సూటిగా చెప్పింది. అది నాటకం కాదు, పొగరు కాదు, లోపలి బాధ మోయలేక చేసే పని. తిట్టకండి, నలుగురిలో నిలబెట్టి గాయాలు చూడకండి. నెమ్మదిగా అడగండి, వినండి, వైద్యం దాకా తోడుండండి. సగం మంది ఫోన్లలో ఉన్నారు. విజయ బడి ప్రిన్సిపాల్ హరిప్రసాద్ లేచాడు.

"మా చిన్నప్పుడు ఒక్క బెత్తం దెబ్బకు గీ రోగాలన్నీ పోతుండె మేడం."

"ఏడ పొయినయ్ సార్, మీరింకా గట్లనే ఉన్నరు గదా!" అంది విజయ.

హాలంతా నవ్వింది. హరిప్రసాద్ నవ్వలేదు.

తిరిగొచ్చాక విజయ గొంతు తగ్గించడం సాధన చేసింది. అందుకేనేమో, తొమ్మిదో తరగతి తేజస్విని ఒకరోజు ల్యాబులో ఆగి, తన యూనిఫాం పొడుగు చేతుల కింద ఏముందో చెప్పింది.

"అందరికి చెప్తరా మేడం?"

"అందరికెందుకు బిడ్డా? అమ్మకు, డాక్టరమ్మకు మాత్రం చెప్పాలె. ఎట్ల చెప్పాల్నో నువ్వే చెప్పు."

"అమ్మకు నేనే చెప్త. ఎవ్వలన్న చూడకముందే."

సోమవారం తల్లి గంగవ్వ చందుర్తి నుంచి రావాలి, ముగ్గురూ కలిసి జగిత్యాల ఆస్పత్రికి పోవాలి. అదీ అనుకున్నది.

శిక్షణలో హరిప్రసాద్ చెవిన పడింది ఒకటే ముక్క: పొడుగు చేతులు గాయాలను దాస్తాయి. ఆ సోమవారం పొద్దునే టైలర్ జలపతిని కత్తెరతో వరండాలో కూర్చోబెట్టి, పిల్లలను వరుసగా నిలబెట్టాడు. తొడుక్కున్న యూనిఫాం చేతులు తొడుక్కున్నట్టే మోచేతి దాకా కత్తిరించాలట! భయపడి తలుపేసుకున్న మనిషిని కాపాడతానంటూ ఆ ఇంటి తలుపులు పీకేసే తెలివి ఇది. ఇంత తెలివి రావాలంటే చాలా చదువుకోవాలి.

వరుస మధ్యలో తేజస్విని, చేతులు పొట్టకు అదుముకుని ఉంది. విజయ వచ్చి జలపతి చేతిలో కత్తెర లాక్కుంది.

"ఏంది మేడం గిది?" అన్నాడు హరిప్రసాద్.

"నేనడగాలె సార్! గిది బడా, గొర్ల బొచ్చు తీసే జాగనా?"

"అంటే ఎవలో ఉన్నరన్నట్టేగా? ఒక్క పేరు చెప్పుండ్రి, మిగిలినోళ్లను ఇడిచిపెడ్త."

"చెప్ప."

"రేపు ఏమన్నయితే ఎవలు జవాబు చెప్తరు?"

"ఇయ్యాల మీరు చేసేదానికి ఎవలు చెప్తరు? నలుగురిల చూపెట్టద్దని డాక్టరమ్మ మొత్తుకుంటుంటె నిద్రవోయిండ్రా?"

"నౌకరి మీద ఆశ లేదా?"

"ఉన్నది. గందుకే అడ్డమచ్చిన."

ఆ గొంతు రోడ్డు దాకా పోయింది. జలపతి లేచాడు. "నాకూ ఇంట్ల ఆడివిల్లలున్నరు సార్. గీ పని నాతోని గాదు," అంటూ సంచి సర్దుకున్నాడు. వరుస చెదిరింది.

గంగవ్వ వచ్చాక, ల్యాబు తలుపు వేసి, తేజస్విని తానే చెప్పింది. తల్లి చెయ్యి లేచింది. "నీకేం తక్కువ చేసిన్నే!"

"అక్కా, గా ముచ్చట తర్వాత," అంది విజయ, గొంతు తగ్గించి. "ముందుగాల బిడ్డ పక్కన కూసో."

గంగవ్వ కూర్చుంది. ఎత్తిన చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలియక కొంగులో చుట్టుకుంది.

మోకాళ్ల నొప్పికి మాత్రల కోసం పోయిన నాకు ఆస్పత్రి బెంచీ మీద విజయ కనబడింది. ఇదంతా అక్కడే చెప్పింది. లోపలికి ఎవరు రావాలని డాక్టరు అడిగితే తేజస్విని "అమ్మ చాలు" అందట. అందుకే ఈమె బయట ఉంది. ఇంతలో ఫోను మోగింది.

"హాస్టల్ డ్యూటీ నుంచి మిమ్ముల తీసేసిన," అంటున్నాడు హరిప్రసాద్. పక్కనున్న నాకూ వినబడుతోంది. "నైన్త్ క్లాసుల టీచర్లెవ్వలు లేరు. పొద్దటిసంది పిల్లలు ఒకటే ముచ్చట్లు పెడుతున్నరు."

"పెట్టనియ్యిండ్రి సార్," అంది విజయ. బెంచీలన్నీ ఇటు తిరిగాయి. "అడ్డం పోకుండ్రి."