స్టేషన్ గుంతలో పడిన నీళ్ళు

ఇది ఇన్నాళ్ళూ రాయకపోవడానికి కారణం నాకు అక్షరాలు రాకపోవడమే. చిన్నప్పుడు మా నాయన తమ్ముణ్ణి బడికి, నన్ను గొర్రెల వెంట పంపాడు. యాభై దాటాక అంగన్‌వాడీ టీచరమ్మ మధ్యాహ్నం పూట కూర్చోబెట్టి పలక పట్టించింది. ఇప్పుడు రాయగలను కాబట్టి, ముందు నేను చేసిన తప్పు రాస్తాను.

మా చేను పక్కనే గుట్ట ఉంది. రైలు ఆ గుట్ట కింద సొరంగంలో పోతుందని, మా ఊరి స్టేషన్ కూడా లోపలే కడతారని చెప్పారు. పైనుంచి మెట్లు దిగి రైలెక్కాలట. మాకు అప్పటికి ఒక బావి, దాని కింద నలభై చీనీ చెట్లు, అదే బత్తాయి చెట్లు, ఉన్నాయి. బావి మా ఆయన, వాళ్ళన్న కలిసి తవ్వింది. వానలు లేని ఏడు కూడా అది ఎండలేదు.

నేను స్టేషన్ పనికి కూలికి పోయాను. గంపలతో మట్టి మోశాను. ఒకరోజు గుంత అడుగున బండ పగలగొడితే నీళ్ళు చిమ్మాయి. మా వైపు బోరులో నీళ్ళు పడితే టెంకాయ కొట్టి, గంగమ్మకు పసుపూ కుంకుమా వేసి, ఆ నీళ్ళు నెత్తిన చల్లుకుంటాం. నేనేం ఆలోచించలేదు. ఇంటికి పరుగెత్తి అన్నీ తెచ్చాను.

మేస్త్రీ నవ్వాడు. "ఏమక్కా, రైలుకు పూజ చేస్తావనుకుంటే నీళ్ళకు చేస్తాండావే?"

"నీళ్ళుండే ఊరోడివి, నీకేం తెలుసప్పా? రైలు ఈ పొద్దు కాకుంటే రేపొస్తాది. గంగమ్మ వస్తాదా?" అన్నాను.

ఆడవాళ్ళందరూ నవ్వారు. ఆ నీళ్ళను మోటార్లు పెట్టి మా చేను దాటి పారే వంకలోకి తోడి పోశారు.

పదో రోజుకు మా బావిలో ఎప్పుడూ చూడని మెట్లు బయటపడ్డాయి. నెల తిరిగేసరికి మా మోటారు గాలి లాగింది. మా ఆయన బావి గట్టున కూర్చుని గుట్ట వైపు చూశాడు, వంక వైపు చూశాడు.

"ఏమ్మే, నువ్వు పసుపేసింది యాడ నీళ్ళకు అనుకున్యావు?"

నేను వంగి బావిలోకి చూశాను.

"మన బాయి నీళ్ళకే. గంపలెత్తి దావ ఇచ్చింది కూడా నువ్వే."

ఇద్దరం స్టేషన్ పని చూసే ఇంజనీరు దగ్గరికి పోయాం. ఆయన కసురుకోలేదు, కుర్చీలు వేయించాడు. స్టేషన్ తెరిచిన రోజు ఆ ఊట నీళ్ళను పైపు వేసి మీ బావిలోకే వదులుతాం, అంతవరకూ ఓపిక పట్టండి అన్నాడు. కాగితం అడగాలని మాకు తోచలేదు. అడిగినా చదివేదెవరు? వంకలో పోతున్న మా నీళ్ళనే బిందెలతో మోసుకొచ్చి చెట్టుకు రెండు బిందెల చొప్పున పోశాం. రెండు ఎండాకాలాలు అలాగే గడిచాయి. చీనీ చెట్టుకు రెండు బిందెలంటే నాలుక తడిపినట్టే. పది చెట్లు పోయాయి.

స్టేషన్ కట్టడం అయిపోయింది. మెట్లు, టికెట్ల కిటికీ, సిమెంటు బెంచీలు, ఊరి పేరుతో పసుపుపచ్చ బోర్డు అన్నీ వచ్చాయి. రైళ్ళు కూడా వచ్చాయి, ఆగకుండా పోయాయి. ఊట నీళ్ళను కాలువ కట్టి గుట్ట అవతలికి మళ్ళించారు. ఇక మోయడానికి కూడా నీళ్ళు లేవు. అయినా, తెరిస్తే పైపు వస్తుంది కదా అనుకున్నాం.

ఒక సాయంత్రం ఎవరో ఆఫీసు మనిషి వచ్చి మెట్ల పైన ఇనుప గేటుకు తాళం వేస్తుంటే ఇద్దరం పోయి నిలబడ్డాం.

"ఎప్పుడు తెరుస్తారు సార్?" అన్నాడు మా ఆయన.

"తెరిచేది లేదు పెద్దాయనా. ఈడ ఎక్కేవాళ్ళు ఎంతమంది ఉండారు?"

"మరి మా పైపు?" అన్నాను నేను.

"ఏం పైపమ్మా?"

ఎగతాళి కాదు. నిజంగానే అతనికి తెలియదు. ఆ మాట ఎక్కడా రాసి లేదు.

చేను దగ్గరికి వచ్చాక మా ఆయన అన్నాడు, "ముప్పై చెట్లకు ఇంకా ఆకుండాది."

"ఉండాది. ఎన్ని దినాలు?"



ఆ చెట్లు ఒక్కొక్కటే ఎండటం ఆయన చూడకూడదని, మర్నాడు పొద్దున ఆయన లేవకముందే గొడ్డలి తీసుకుని పోయాను. బావికి అన్నిటికంటే దగ్గరున్న చెట్టు మీద నిమ్మకాయంత పిందెలు నాలుగున్నాయి. వాటిని తెంపి పక్కన పెట్టి, మొదటి దెబ్బ నేనే వేశాను.