నీళ్ళు లేచే ముందు అర సెకను

మా సంఘం పాస్టరుగారు నన్ను నీళ్ళ ఫొటో ఒకటి అడిగారు, కొత్త సంవత్సరం క్యాలెండరు మీద వేయడానికి. అంతకు ముందటేడు వేసినదాని మీద ఏదో మంచుదేశపు జలపాతం ఉంది. ఆరాధన అయ్యాక ఒక ముసలావిడ "ఈ నీళ్ళు ఎక్కడివండీ" అని అడిగితే ఆయన చెప్పలేకపోయారట. ఈసారి మనవైపు నీళ్ళే కావాలన్నారు.

నేను ప్రత్తిపాడులో హైస్కూలు ఫిజిక్సు టీచర్ని. చొక్కా జేబులో పట్టే చిన్న కెమెరా ఒకటి ఉంది. ఈ రెండు కారణాల వల్ల సంఘానికి నేనే ఫొటోగ్రాఫర్ని. మావైపు నీళ్ళంటే సాగర్ కాలువ. నేను కెమెరా తీసుకుని వెళ్ళేసరికి కాలువకి నీళ్ళు కట్టేశారు, అడుగున రెండు గేదెలు పడుకుని ఉన్నాయి. మిరప చేలల్లో డ్రిప్పు పైపులు ఉన్నాయి గానీ వాటిలో నీళ్ళు బయటికి కనపడవు. ఇక మిగిలింది ఒంగోలు వెళ్ళే హైవే పక్కన కొత్తగా పెట్టిన పార్కు. శని, ఆదివారాల్లో చీకటి పడగానే అక్కడ రంగు దీపాలు, పాటలతో ఫౌంటెన్ షో వేస్తారు. ఇది పనికొస్తుందా అని పాస్టరుగారిని అడిగాను.

"నీళ్ళు నీళ్ళే కదా మాస్టారూ. పాటలు ఫొటోలో పడవుగా" అన్నారు.

మొదటి శనివారం ఒక్కడినే వెళ్ళాను. కెమెరాని ఆటోలో పెట్టి నొక్కాను. ఫ్లాష్ వెలిగింది. నా ముందు నిలబడిన పెద్దాయన బట్టతల చాలా స్పష్టంగా వచ్చింది. ఫౌంటెన్ ఉండాల్సిన చోట నలుపు. ఫ్లాష్ ఆపేశాను. అప్పుడు కెమెరా తనంతట తానే ఐఎస్‌ఓని, అంటే వెలుతురు పట్టే శక్తిని, ఎక్కడికో ఎక్కించుకుంది. నీళ్ళు వచ్చాయి గానీ ఎవరో వాటి మీద కారం చల్లినట్టు వచ్చాయి. చివరికి బాణసంచా బొమ్మ ఉన్న మోడ్ పెట్టాను. అది రెండు సెకన్లు కన్ను తెరిచి ఉంచి, లేచిన నీళ్ళనీ పడిన నీళ్ళనీ ఒకటిగా కలిపేసింది.

మర్నాడు చిలకలూరిపేటలో అక్కావాళ్ళింటికి వెళ్ళి ఆ ఫొటోలు చూపించాను. అక్క అన్నీ ఓపిగ్గా చూసి, చివరిదాని దగ్గర ఆగి, "పత్తి బాగా వచ్చింది" అంది.

బావ పక్కనే కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆయన ఇరవై ఆరేళ్ళు పత్తి జిన్నింగు మిల్లులో ఫిట్టరుగా చేశాడు. ఆ మోతకి చెవులు కొంచెం కొంచెంగా పోయి, నాలుగేళ్ళ నుంచి అసలు వినపడటం లేదు. చెవికి మిషను పెట్టించాం. మిల్లుని మళ్ళీ తెచ్చి చెవిలో పెట్టినట్టుందని తీసి బీరువాలో పెట్టేశాడు. పెళ్ళిళ్ళకి రాడు, మందిరానికి వచ్చినా చివరి బెంచీలో కూర్చుని ముందుగా లేచి వెళ్ళిపోతాడు. మేం ఏదన్నా చెప్పాలంటే కాగితం మీద రాయాలి. ఆయన మాత్రం మామూలుగానే మాట్లాడుతున్నాననుకుని వీధి చివరికి వినపడేలా మాట్లాడతాడు.

"వచ్చేవారం మీ బావని కూడా తీసుకెళ్ళు. నేనూ వస్తాను" అంది అక్క.

"అది పాటల షో అక్కా."

"అయితే ఏం? ఇక్కడ కూర్చుని గోడ చూస్తున్నాడు. అక్కడ నీళ్ళన్నా చూస్తాడు."

ఆ వారమంతా నేను సాయంత్రాలు పెరట్లో కొళాయి తిప్పి, దాని మీద స్కూటరు లైటు వేసి ఫొటోలు తీశాను. కెమెరా కన్ను తెరిచి ఉంచే సమయం సెకనులో నూరో వంతు పెడితే చుక్కలు పూసల్లా విడివిడిగా వచ్చాయి గానీ చీకటిగా ఉన్నాయి. అర సెకను పెడితే నీళ్ళు తెల్లతాడు అయిపోయాయి. పదిహేనో వంతు దగ్గర అది నీళ్ళలాగా కనపడింది. ఐఎస్‌ఓ నాలుగు వందలు దాటనివ్వకూడదని, ఫోకస్ ఒకసారి కుదిరాక కదలకుండా బిగించేయాలని, రంగుల్ని కెమెరాకి వదలకుండా ఎండ బొమ్మ ఉన్న సెట్టింగులో ఉంచాలని తేల్చుకున్నాను. లేకపోతే ఎర్రదీపాన్ని కూడా అది పాలరంగుకి దిద్దేస్తోంది. పార్కులోకి స్టాండు రానివ్వరని గేటు దగ్గర వాచ్‌మన్ ముందే చెప్పాడు. కెమెరా కింద పెట్టడానికి అక్క ఒక చిన్న గుడ్డసంచీ కుట్టి, అందులో పత్తిగింజలు పోసి ఇచ్చింది.

శనివారం ముగ్గురం వెళ్ళాం. ఫౌంటెన్ చుట్టూ ఇనప రెయిలింగు ఉంది. దాని మీద సంచీ, సంచీ మీద కెమెరా పెట్టి పది ఫొటోలు తీశాను. పదీ వణికాయి. నాకు కారణం తెలియలేదు. బావ రెయిలింగు మీద రెండు చేతులూ పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ముందు మోటారు ఊపిరి పీలుస్తోంది, నీళ్ళు తర్వాత లేస్తున్నాయి" అన్నాడు. మా వరసలో ఉన్నవాళ్ళందరూ తిరిగి చూశారు. అక్క వాళ్ళకేసి చూసి మామూలుగా తల ఊపింది.

నేను చెయ్యి పెట్టి చూశాను. నిజమే, మోటారు ఊపందుకున్నప్పుడు ఇనుము సన్నగా వణుకుతోంది. సంచీ తీసి పక్కనే ఉన్న పూలకుండీ సిమెంటు గట్టు మీదికి మార్చాను. వణుకు పోయింది. ఇంకో చిక్కు మిగిలింది. మా చిన్న కెమెరా నొక్కగానే తీయదు, అర సెకను ఆలోచించుకుని తీస్తుంది. నేను పాట వింటూ, దరువు పడ్డప్పుడల్లా నొక్కుతున్నాను. ఫొటో పడేసరికి నీళ్ళు కిందికి వచ్చేస్తున్నాయి. బావ రెండు మూడు ఫొటోలు చూసి విషయం కనిపెట్టాడు.

"మోటారు ఊపిరి పీల్చగానే తడతాను. తట్టినప్పుడు నొక్కు" అన్నాడు.

ఎడమచెయ్యి రెయిలింగు మీద, కుడిచెయ్యి నా భుజం మీద వేశాడు. నేను పాట వినడం మానేశాను. భుజం మీద దెబ్బ పడినప్పుడు నొక్కాను. ఫిట్టరు చెయ్యి కాబట్టి అది దెబ్బే. నీళ్ళు పూర్తిగా పైకి లేచి, కొస దగ్గర విచ్చుకుంటున్నప్పుడు ఫొటో పడింది. మళ్ళీ తట్టాడు, మళ్ళీ పడింది. ఆ తర్వాత తీసినవాటిలో చెడిపోయింది ఒక్కటే. అప్పుడు నేను తుమ్మాను.

షో సగంలో ఉండగా బావ, "మూడో మోటారుకి బేరింగు పోయింది" అన్నాడు.

ఇది ఆపరేటరు కుర్రాడి దాకా వినపడింది. అతను పక్కన గదిలోంచి వచ్చి, "ఎవరండీ మా మోటార్ల గురించి మాట్లాడేది" అన్నాడు. మా బావకి వినపడదని చెప్పాను.

"వినపడని మనిషికి బేరింగు శబ్దం ఎట్లా తెలిసింది?"

ఆ ప్రశ్న ఫోనులో టైపు చేసి బావకి చూపించాను.

"శబ్దం ఎవరు విన్నారు? చెయ్యి పెట్టి చూడమను" అన్నాడు బావ.

అతను రెయిలింగు మీద చెయ్యి పెట్టి, ఏమీ తెలియక వెళ్ళిపోయాడు. షో అయ్యాక మళ్ళీ వచ్చాడు. ఈసారి మోచేతుల దాకా గ్రీజు ఉంది. "పెద్దాయన్ని ఒకసారి లోపలికి రమ్మనండి" అన్నాడు.

బావ చొక్కా చేతులు మడుచుకుంటూ వెళ్ళాడు. అక్కా నేనూ గట్టు మీద కూర్చుని, తెచ్చుకున్న పులిహోర తిన్నాం. లోపలినుంచి బావ గొంతు వినపడుతూనే ఉంది, గదిలో మోటార్లు తిప్పి చూస్తున్న మోత కూడా దాన్ని కప్పలేకపోయింది. షాఫ్టు గురించి, గ్రీజు గురించి, ఎవరో పానా తప్పు సైజుది వాడటం గురించి.

"ఇంట్లో మూడు ముక్కలు మాట్లాడితే గొప్ప" అంది అక్క. డబ్బా మూత పెట్టి, "ఆయన భాగం ఉంచాలి" అంది. పమిటతో కళ్ళు తుడుచుకుంది. నేను కెమెరాలో ఫొటోలు చూస్తున్నట్టు కూర్చున్నాను.

బావ మోకాళ్ళ దాకా తడిసి వచ్చాడు. పులిహోర నిలబడే తిన్నాడు. మళ్ళీ శనివారం రమ్మన్నారని మాతో చెప్పాడు, బస్సుకోసం నిలబడిన వాళ్ళందరికీ కూడా తెలిసింది.

పాస్టరుగారికి ఏడు ఫొటోలు ఇచ్చాను. ఆయన నీలం రంగుది ఎంచుకున్నారు. క్యాలెండరు వచ్చాక సంఘంలో చాలామంది ఈ నీళ్ళు ఎక్కడివని అడిగారు. ఆయన హైవే పక్కన పార్కులోవని చెప్పారు. కొంతమంది కొంచెం నిరాశపడ్డారు. మిగిలినవాళ్ళు షో టైము అడిగారు.

బావ ఇప్పుడు శనివారం మధ్యాహ్నం భోంచేసి పార్కుకి బయల్దేరుతున్నాడు. మొదటి రెండు వారాలు అక్క బస్టాండు దాకా వెళ్ళి, ఈయనకి వినపడదు, దిగేచోటు చేత్తో చూపించండని కండక్టరుకి చెప్పి వచ్చింది. మూడోవారం ఆయన వద్దన్నాడు. కండక్టరు తెలిసినవాడైపోయాడట.