నాన్న చేతిలో దొరకని నరం

ల్యాబ్‌లో ఆమెను అందరూ సూదక్క అనేవారు. ఇరవై ఏళ్ళుగా రక్తం తీసి తీసి చెయ్యి తిరిగిన మనిషి. కొత్తవాళ్ళు హడలిపోయేది ఒక్కదానికే: నరం వెతికేటప్పుడు ఆమె కళ్ళు మూసుకునేది. మోచేతి మడతలో వేలికొనతో తడిమేది. నరం లోపలెక్కడో మెత్తగా తగిలేది. ఇక సూది దిగిన సంగతే తెలిసేది కాదు.

ఒకసారి రిటైరైన మాస్టారొకరు చెయ్యి చాపి కబుర్లలో పడ్డారు. తెల్లటి చెయ్యి, నీలంగా నరాలు. ఇంగ్లీషులో గొప్పింటివాళ్ళను బ్లూ బ్లడ్, నీలి రక్తం అంటారే, అది స్పానిష్ మాటేనమ్మా అన్నారు. అక్కడి ‘సాంగ్రే అసూల్’ను ఇంగ్లీషువాళ్ళు ఉన్నదున్నట్టు తమ భాషలోకి దించుకున్నారట. ఎండ మొహం చూడని దొరల చేతుల్లో నరాలు నీలంగా కనిపించేవట. తమది పరాయి కలయిక లేని రక్తమని, పొలంలో మాడినవాళ్ళది కాదని వాళ్ళ గొప్ప. అబ్బో, చర్మం తెల్లగా ఉంటే అదొక వంశమా! సూదక్క ఇంటికెళ్ళి నాన్నకు చెప్పింది. నలభై ఏళ్ళు ఎండలో రోడ్లు వేసిన నాన్న తన నల్లటి చేతులు తిప్పి తిప్పి చూసుకున్నాడు.

ఇవాళ ఆ చెయ్యే ఆమె ముందుంది. పదింటికి గుండె ఆపరేషన్. ఈలోపు రక్తపరీక్ష కాకపోతే వారం వాయిదా. వారం ఆగే గుండె కాదని డాక్టరు చెప్పనే చెప్పాడు. ఇద్దరు నర్సులు చేతులెత్తేశాక ఆమెను పిలిపించారు.

కిటికీ తెర మెల్లగా ఊగుతోంది. పలచటి ఎండలో గదంతా నీళ్ళమీద తేలుతున్నట్టుంది. నాన్న మగతగా ఉన్నాడు. సూదక్క రెండుసార్లు గుచ్చింది, రెండుసార్లూ తప్పింది. ఊరందరి దగ్గరా మూసుకునే కళ్ళు ఇక్కడ మూతపడవే! రెప్ప వేస్తే నాన్న ఎక్కడ జారిపోతాడోనని ఆయన మొహమే చూస్తూ గుచ్చింది మరి.

నాన్న సగం కళ్ళు తెరిచాడు. "నన్నేం చూస్తావే? కళ్ళు మూసుకో తల్లీ. నేనెక్కడికీ పోను."

మూసుకుంది. వేలికింద గరుకు చర్మం. చిన్నప్పుడు ఆమె రోడ్డు దాటింది ఈ చెయ్యి పట్టుకునే. ఇంకొంచెం లోతుకు, ఇంకొంచెం పక్కకు తడిమింది. మెత్తగా తగిలింది.

ట్యూబు నిండుతుంటే నాన్న కళ్ళు తెరవకుండానే అడిగాడు.

"ఏ రంగొచ్చిందే?"

"ఎర్రగానే వచ్చింది నాన్నా."

"హమ్మయ్య," అన్నాడు నాన్న, "అయితే మనదే."