నలుసు మిగలనివ్వని చిన్నకోడలు

చిన్నకోడలికి ముక్కు మీద కోపం. ఆ ఇంటి కింది గదిలో రెండు బల్లలు, వాటి మీద రెండు లినక్స్ కంప్యూటర్లు, ఒకరికొకరు వీపు చూపించుకుంటూ కూర్చునే ఇద్దరు తోడికోడళ్లు. పెద్దకోడలు ప్లగిన్లు రాస్తుంది. బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌కి వాటిని తగిలిస్తే బట్టలు కత్తిరించడానికి నమూనాలు గీసుకోవచ్చు. ఆ ప్లగిన్లను ప్యాకేజీగా కట్టి, కొన్నవాళ్ల కంప్యూటర్లో ఎక్కేలా, వద్దనుకుంటే దిగిపోయేలా చెయ్యడం చిన్నకోడలి పని. ఇద్దరి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. అత్తగారు వింటే గొడవ కాబట్టి కోడ్ మధ్య రాసే వ్యాఖ్యల్లో తిట్టుకునేవారు. "ఈ లైను ఎందుకుందో రాసినవాళ్లకే తెలియాలి" అని ఒకరు రాస్తే, "చదవడం వస్తే తెలిసేది" అని రెండోవారు.

పెద్దకోడలి ప్లగిన్ ఎక్కడ పడితే అక్కడ ఫైళ్లు వదిలేది. తీసేశాక కూడా ఏదో ఒక ఫోల్డర్ మిగిలిపోయేది. చెత్త ఆవిడది, ఫోన్లో కొన్నవాళ్ల చివాట్లు మాత్రం చిన్నకోడలికి.

ఒక మధ్యాహ్నం కడుపు మండి, ప్లగిన్ను తీసేసే స్క్రిప్టును చిన్నకోడలు తిరగరాసింది. ప్యాకేజీ పెట్టినవాటినే ప్యాకేజీ తీయాలి, మిగతావి ముట్టుకోకూడదు. ఆ పద్ధతి ఆమెకు తెలియక కాదు. అయినా ప్లగిన్ పేరున్న ఫోల్డర్ ఎక్కడున్నా, లోపల ఏముందో చూడకుండా ఊడ్చిపారెయ్యమని రాసింది. పైన "అక్క వదిలిన నలుసు కూడా మిగలకూడదు" అని వ్యాఖ్య పెట్టి తెగ సంబరపడింది. ఎవరూ వాడని కంప్యూటర్లో ఎక్కించి, దింపి చూసుకుని, అద్దంలా ఉందని మురిసిపోయి అందరికీ పంపేసింది.

కొన్నవాళ్లలో ఒక కటింగ్ మాస్టరమ్మ ఉంది. వెన్ను వంగినవాళ్లకు, ఒక భుజం కిందికున్నవాళ్లకు ఒంటికి పట్టేలా బట్టలు కుడుతుంది. ప్లగిన్ మొరాయిస్తోందని ఆవిడ ఫోన్ చేస్తే, "తీసేసి మళ్లీ పెట్టుకోండి" అని చిన్నకోడలే చెప్పింది.

మర్నాడే మాస్టరమ్మ కంప్యూటర్ను సంచిలో వేసుకుని వచ్చింది.

"నా నమూనాలేవి?"

పెద్దకోడలు కుర్చీ తిప్పింది. "నా ప్లగిన్ దేన్నీ చెరపదండీ. ప్యాకేజీ కట్టింది ఈవిడ."

"వాళ్లు గీసుకున్నవి నీ ప్లగిన్ ఫోల్డర్లో దాచేలా ఎందుకు రాశావక్కా?" అంది చిన్నకోడలు.

"అది నా తప్పే. చెరిపింది మాత్రం నువ్వు."

"మీ ఇంటి గొడవ నాకెందుకు?" అంది మాస్టరమ్మ. "పెరిగే పిల్లల కొలతలమ్మా అవి. ఏ ఏడు వెన్ను ఎంత వంగిందో ఆ నమూనాల్లోనే ఉంది. డాక్టర్లు కూడా అడిగి చూస్తారు. ఇప్పుడు కొలిస్తే ఇప్పటి ఒళ్లే దొరుకుతుంది."

చిన్నకోడలు ఆ డిస్కంతా గాలించింది. ఏమీ దొరకలేదు. తన పని అంత శుభ్రంగా ఉన్నందుకు ఆమెకు తన మీదే అసహ్యం వేసింది.

"నేనే చెరిపాను. అక్క మీద కసితో రాశాను" అంది.

"నీ కసి మీ అక్క మీద. మరి ఆ పిల్లలేం చేశారు?"

చిన్నకోడలు కంప్యూటర్ను ఆవిడ ముందుకు జరిపింది. "మీ దుకాణానికొస్తాను. వాళ్ల పాత బట్టలేమైనా ఉంటే తెప్పించండి, వాటి కొలతలు చూసి నమూనాలు గీసిస్తాను."

"నువ్వొద్దు. నా కంప్యూటర్ ముట్టుకోవద్దు. మీ అక్కని పంపు."

తోడికోడలైన నాటి నుంచి చిన్నకోడలు పెద్దకోడలిని ఏదీ అడిగి ఎరగదు. "అక్కా, నువ్వు వెళ్తావా?" అంది.

పెద్దకోడలు ఆమె వైపు చూడకుండా చెప్పులేసుకుంది. "వెళ్తాను. ఇకమీదట నేను చదవకుండా నీ స్క్రిప్టు ఒక్కటి కూడా ఈ గది దాటకూడదు."

మాస్టరమ్మ ముందే తల కొట్టేసినట్టయింది. కాదనడానికి చిన్నకోడలికి నోరెక్కడుంది, అలాగేనంది.