రెండో సిలిండరు అలిగిన సిరిసిల్ల ప్రయాణం

జగిత్యాల నుంచి సిరిసిల్లకు ఇంతకన్నా దగ్గర దారులున్నాయి. మేము కోరుట్ల మీదుగా చుట్టు తిరిగి వెళ్లడానికి కారణం మా అవ్వ, అంటే మా అమ్మ. మా అక్క భర్త రాజేశం బావ ఐదు నెలల కింద ఒక పాత పెట్రోలు ట్రక్కు కొన్నాడు. చిన్నది, రెండే సిలిండర్లు. సిరిసిల్లలో మరమగ్గాలు నడిపే ఒక సావుకారికి నెలవారీ కిరాయికి బండి కావాలట. సాయంత్రం నాలుగింటికి తెచ్చి చూపించమన్నాడు. కుదిరితే బావ ఇంటిపట్టున ఉంటాడు. లేకపోతే బండి అమ్మేసి మస్కట్ వెళ్తాడు, పాస్‌పోర్టు అల్మారాలో సిద్ధంగా ఉంది. ఆ ఉదయం మా అక్క ఉప్మా వడ్డించింది. అందులో ఉప్పు లేదు. అడిగే ధైర్యం మాకు లేకపోయింది.

తొమ్మిదిన్నరకు బయలుదేరి, పదిన్నరకు కోరుట్లలో అవ్వను ఎక్కించుకున్నాం. సిరిసిల్లలో ఉన్న మా చిన్నమ్మను చూసి రావాలని ఆమె ఆశ. అవ్వ బీడీలు చేస్తుంది. మర్నాటి బీడీలకు ఆకు తడిపి, తడి గోనెపట్టాలో చుట్టి, మూట కట్టి వెంట తెచ్చింది. ఆకు ఆరితే చుట్టేటప్పుడు పగిలిపోతుంది, అందుకని పెళ్లికి పోయినా మూట ఆమె వెంటే ఉంటుంది.

ఇక్కడ మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. అత్త అల్లుడితో ముఖాముఖి మాట్లాడదు, అల్లుడూ మాట్లాడడు. ఇద్దరి మాటలూ అటూ ఇటూ మోసేది నేనే. పదకొండేళ్లుగా ఇదే పని. శ్రద్ధగా చేశానని మాత్రం చెప్పలేను.

"మీ బావను అడుగురా, గీ మూట సీటు కింద పెట్టాల్నా, ఎనుక పెట్టాల్నా?" అంది అవ్వ.

బావ బండి వెనకాల టార్పాలిన్ కడుతున్నాడు. కుండపోత వాన. అంత దూరం నడిచి తడవడం నాకిష్టం లేదు. "సీటు కిందనే పెట్టుమన్నడు" అన్నాను. ఆ బండికి ఇంజిను ఉండేది కూడా సీటు కిందే. ఆ సంగతి నాకు తెలుసు, ఆ క్షణాన తట్టలేదు.

పదకొండుంబావుకు, కథలాపూర్ ఇంకా రాకముందే, బండి ఎక్కిళ్లు పెట్టడం మొదలుపెట్టింది.

"మిస్సింగ్ కొడ్తుంది బామ్మర్దీ" అన్నాడు బావ.

కథలాపూర్‌లో మెకానిక్కు సీటు లేపే ముందే అవ్వ మూట తీసుకుని దిగింది. ఆకు మీద పరాయి చెయ్యి పడనివ్వదు. మెకానిక్కు ఇంజిను నడుస్తుండగా ఒక ప్లగ్గు వైరు పీకాడు, బండి ఆగిపోయింది. దాన్ని తగిలించి, మళ్లీ స్టార్టు చేసి రెండోది పీకాడు, బండికి చీమ కుట్టినట్టైనా లేదు.

"గీ రెండోది పనే చేస్తలేదు. వానకు వైరు తడిసింది" అని గుడ్డతో తుడిచి, గాలి కొట్టి, "ఇగ సిరిసిల్ల దాక ఢోకా లేదు" అని అభయమిచ్చాడు.

ఆ సందులో మేము వేడి వేడి మక్క గారెలు, అంటే మొక్కజొన్నవి, తిన్నాం. అవ్వ ఇంజిను వేడికి ఆరుతున్న ఆకు మీద సీసాలో నీళ్లు చల్లి, మూటను మళ్లీ యథాస్థానంలో పెట్టింది.

పది కిలోమీటర్లు బండి బంగారంలా నడిచింది. రుద్రంగి దగ్గర మళ్లీ ఎక్కిళ్లు. మోపెడ్ మీద పోతున్న గౌడన్న ఒకాయన ఆగి, పెట్రోలు ట్యాంకు మూత తీయించి వాసన చూశాడు.

"కల్తీ అన్నా. కల్లైనా పెట్రోలైనా నా ముక్కుకు దొరుకుతది" అన్నాడు.

బావ నమ్మలేదు. అవ్వ మూటతో దిగాక సీటు లేపి, తన తువ్వాలతో వైర్లన్నీ తుడిచాడు. బండి గుక్క తిప్పుకోకుండా నడిచింది. "మూత తీస్తె కల్తీ వాసన ఎల్లిపోయింది, చూసిన్రా?" అని గౌడన్న సంతోషంగా వెళ్లిపోయాడు. అవ్వ మళ్లీ నీళ్లు చల్లి మూటను సీటు కింద పెట్టింది.

వేములవాడ వచ్చేసరికి వాన వెలిసి ఎండ కాసింది. బండి మాత్రం మూడోసారి దగ్గింది. ఈసారి ఆగే టైము లేదు.

"మస్కట్ల వాన వడదంట బామ్మర్దీ. గాడ గీ బాధ ఉండదు" అని బావ నవ్వబోయాడు, నవ్వు రాలేదు. అవ్వ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

నాలుగూ పదికి సిరిసిల్ల చేరాం. మగ్గాల మోతలోంచి బయటికొచ్చిన సావుకారి బండి చుట్టూ తిరగనేలేదు, నిలబడి చెవి ఒగ్గాడు.

"రెండోది అందుకుంటలేదు. నలభై సాంచెలల్ల ఒక్కటి తప్పినా నాకు నిద్రల తెలుస్తది. గిసొంటి బండి నాకెందుకు?" అన్నాడు. సిరిసిల్లలో సాంచె అంటే మరమగ్గమే. వెళ్లబోతూ కిందికి చూసి ఆగాడు. "ఎండ కొడుతుంటె గీ నీళ్లు ఎక్కడియి?"

బావ నన్ను చూశాడు. నేను అవ్వను చూశాను. మాట మోయడానికి సిద్ధపడి నోరు తెరిచాను కూడా. అవ్వ ముఖం మీది కొంగు తీసేసింది.

"అల్లుడా" అంది.

బావ ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు, వేరే అల్లుడెవరైనా నిలబడ్డాడేమోనని.

"గా నీళ్లు నావి అల్లుడా. ఆకు ఆరిపోతుందని ఆగినకాడల్ల చల్లిన. మూట సీటు కింద పెట్టుమన్నవని వీడు చెప్పిండు. నువ్వు మస్కట్ పోవద్దు."

"నేనెప్పుడు చెప్పిన?" అన్నాడు బావ.

ముగ్గురూ నా వైపు తిరిగారు. సావుకారితో సహా. నేను టైరును పరీక్షగా చూశాను.

మూట బయటికి తీసి, సీటు లేపి, వైర్లు తుడిచి, పావుగంట ఎండకు వదిలి స్టార్టు చేశారు. సావుకారి కళ్లు మూసుకుని విన్నాడు. "ఆ, గిప్పుడు కూడుకున్నది. సోమారం పొద్దుగాల రాండ్రి" అన్నాడు. బావ అక్కకు ఫోను చేశాడు. ఆమె ఎత్తగానే ఫోను నా చేతికిచ్చాడు. ఈసారి ఒక్క మాట తగ్గించకుండా, పెంచకుండా చెప్పాను.

చిన్నమ్మ ఇంట్లో పప్పన్నం తిని ఐదున్నరకు తిరుగు ప్రయాణం కట్టాం. మూట నా ఒళ్లో పెట్టారు, మోకాళ్ల దాకా తడిశాను. ఈ దారిలో రాదలచుకున్నవారు కథలాపూర్ మక్క గారెలు తప్పక తినండి. వానాకాలంలో బండి మిస్సింగ్ కొడితే మెకానిక్కు కన్నా ముందు సీటు మీదున్న వాళ్లను అడగండి, ఎవరి మాట వాళ్లనే చెప్పనివ్వండి.

ఆరున్నరకు రుద్రంగిలో ఆగాం. బావ రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు.

"అత్తమ్మా, చాయ తాగుతరా?"

"తాగుత అల్లుడా. చక్కెర ఎయ్యకుంట చెప్పు. నాకు తీపి పడదు."

బావ నా వైపు చూసిన చూపు నేను మర్చిపోను. అవ్వ జగిత్యాల వచ్చినప్పుడల్లా బావే స్వయంగా చాయ్ కాచి, రెండు చెంచాలు ఎక్కువ చక్కెర వేసి నాతో పంపేవాడు. ఆమెకు తీపి ఇష్టమని ఎప్పుడో నేనే చెప్పాను.

"మరి గిన్నేండ్లు ఎందుకు తాగిన్రు అత్తమ్మా?"

"నువ్వు నీ చేత్తోని కాచి పంపుతివి గదా" అంది అవ్వ.