అందరి ముఖాలకీ పడని క్రీము

చీపురుపల్లి స్టేషన్ వెయిటింగ్ హాల్లో నేను ముఖానికి క్రీము రాసుకుంటుంటే, ఖాళీ చేపల గంప పక్కన పెట్టుకుని కూర్చున్న ఒకావిడ అడిగింది.

"అది అందరి మొకాలకీ పడతాదా అమ్మా?"

విజయనగరంలో మాకు ఫ్యాన్సీ కొట్టు ఉంది కాబట్టి అన్నీ తెలిసినట్టే చెప్పాను. ముఖం కడుక్కుని గంటసేపు ఏమీ రాయకుండా ఉండాలి. జిడ్డు తేలితే జిడ్డు చర్మం, బిగుసుకుపోతే పొడి చర్మం. ఏ క్రీమైనా ముందు చెవి వెనక కొంచెం రాసి, మంట పుడుతుందేమో రెండు రోజులు చూసుకోవాలి.

ఆవిడ చివరిదాకా విని, "ఈ మాట మా పిల్లకి ఎవులూ సెప్పనేదు," అంది.

కాలేజీలో నల్లపిల్లా అని ఏడిపిస్తుంటే ఆ అమ్మాయి తెల్లబడే క్రీము కొనుక్కుందట. రెండు నెలలు మెరిసిన ముఖం, తర్వాత ఎర్రగా కమిలిపోయిందట.

"తగ్గుతాదని డాకటేరు బాబు సెప్పినాడు. అదేమో కాలేజీ మానీసింది. అద్దం గోడేపు తిప్పీసింది. నాతో కూడా మొకం మీద చున్నీ కప్పుకునే మాటాడతాది."

ఆ క్రీము పేరు చెప్పి, "మీ కొట్లో అది అమ్మరు కదమ్మా?" అని అడిగింది.

"అమ్మం," అన్నాను.

"మంచిదమ్మా," అని నా చెయ్యి నొక్కి, రైలు రాగానే గంప ఎత్తుకుని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రమే ఆ క్రీములన్నీ కొట్లోంచి తీసేశాను. అంతకుముందు మూడేళ్లపాటు, కొనడానికొచ్చిన ఏ ఆడపిల్ల ముఖమూ సరిగ్గా చూడకుండానే వాటిని అమ్మాను.